23 కిలోల కాపురం

శంషాబాద్ విమానాశ్రయానికి ముప్పావుగంట దూరంలో కాపురం ఉండటంతో మాకు కొన్ని బాధ్యతలు అడగకుండానే సంక్రమించాయి. పుట్టింటివాళ్లు తెనాలి వైపు, అత్తింటివాళ్లు జగిత్యాల వైపు. ఎవరు దేశం దాటాలన్నా ముందురోజు మా ఇంట్లో దిగాల్సిందే. సోఫా గోడవారకి జరుగుతుంది. హాలు మధ్యలో పెట్టెలు నోళ్లు తెరుచుకుంటాయి. వాటి చుట్టూ పచ్చళ్ల డబ్బాలు, పట్టుచీరలు, మందుల సంచులు, మనవడికి కుట్టించిన లాల్చీ పైజమా పోగుపడతాయి. తెనాలి పెట్టెలు డాలస్‌కో న్యూజెర్సీకో, జగిత్యాల పెట్టెలు దుబాయికో మస్కట్‌కో వెళతాయి. ఇన్నేళ్లుగా ఈ రెండు రకాల పెట్టెలూ సర్దిపెట్టాక నాకొక అభిప్రాయం గట్టిపడింది: విమాన ప్రయాణంలో డబ్బు మిగిలేది టికెట్ కొనే దగ్గర కన్నా ఈ హాల్లోనే ఎక్కువ.

టికెట్ మీద రెండువేలు తగ్గుతుందంటే మావాళ్లు మూడు రాత్రులు ఫోను వదలరు. ఆ రెండువేలూ విమానాశ్రయంలో అరగంటలో కరిగిపోతాయి. మంచినీళ్ల సీసా, రెండు సమోసాలు, మెడకింద దిండు, ఛార్జరుకి అడాప్టరు, పెట్టెకి ప్లాస్టిక్ చుట్టడం, కాసిని డాలర్లు. వీటిలో ఇంట్లో లేనిది, వీధి చివర దొరకనిది ఒక్కటీ లేదు. కానీ లోపలికి వెళ్లాక ఇంకో కొట్టుకి పోయే దారి ఉండదు, బేరమాడే తీరిక ఉండదు. ఆ రెండూ లేని మనిషికి ఎంత చెబితే అదే ధర. 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ అని ఒకటి తెరిచారు. టీ పది రూపాయలు, నీళ్ల సీసా పది, సమోసా ఇరవై. దేశమంతా పత్రికల్లో వచ్చింది. పది రూపాయల టీ వార్త అయిందంటే మిగతాచోట్ల సంగతేమిటో చెప్పక్కర్లేదు.

ముందు బరువు సంగతి. అసలు విద్య అంతా అందులోనే ఉంది.

అమెరికా టికెట్ల మీద సాధారణంగా మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. చేతిసంచి చాలావాటిలో 7 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు దాటకూడదు. టికెట్ రకాన్ని బట్టి ఇవి మారతాయి. ఈమధ్య చవక టికెట్లలో ఒక్క పెట్టే ఇస్తున్నారు, కొన్నింటిలో అదీ లేదు. కాబట్టి మా ఇంట్లో మొదటి పని, టికెట్ కాగితం మీద సామాను గురించి రాసిన వరుస చదివించడం. ఎక్కువసార్లు అది ఎవరూ చదివి ఉండరు. "పోయినసారి రెండిచ్చారుగా" అంటారు. పోయినసారి వేరే కంపెనీ, వేరే టికెట్.

రెండో సంగతి, ఖాళీ పెట్టె బరువు. గట్టి పెంకు ఉన్న పెద్ద సూట్‌కేసు ఒక్కోటి నాలుగైదు కిలోలు తూగుతుంది. అంటే మనకిచ్చిన 23లో అయిదో వంతు పెట్టే తినేస్తుంది. పెళ్లికి వచ్చిన కానుక కదా అని బీరువా మీద నుంచి దింపిన పాత పెట్టెలైతే ఇంకా ఎక్కువ. బేగంబజార్‌లో పెట్టె కొనేటప్పుడు రంగు, చక్రాలు, తాళం చూస్తాం. చేత్తో ఎత్తి చూసేవాళ్లు తక్కువ. రెండు కిలోలు తేలికైన పెట్టె కొంటే, ప్రయాణం చేసిన ప్రతిసారీ రెండు కిలోల చోటు ఊరికే దొరికినట్టు.

తూకానికి చేతికాటా ఒకటి కొన్నాను. కొక్కెం పెట్టెకి తగిలించి ఎత్తితే అంకె చూపిస్తుంది. కొన్ని వందల రూపాయల వస్తువు, మా చుట్టాలందరికీ ఉమ్మడి ఆస్తి అయిపోయింది. అది లేనివాళ్లు ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద పెట్టె పట్టుకుని నిలబడి, తర్వాత పెట్టె లేకుండా నిలబడి, తీసివేత చేసుకోవచ్చు. రెంటిలో ఏదైనా సరే, ఒక కిలో తక్కువకే ఆపాలి. ఇంటి కాటాకీ కౌంటరు కాటాకీ ఎప్పుడూ పొత్తు కుదరదు. కౌంటరు ముందు నేల మీద పెట్టె విప్పి, పదిమంది చూస్తుండగా అప్పడాలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చే దృశ్యం శంషాబాద్‌లో నెలలో ఏ రోజు వెళ్లినా కనిపిస్తుంది. మార్చడానికి చోటు లేకపోతే డబ్బు కట్టాలి. అదనపు సామాను ముందుగానే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే చాలా కంపెనీలు కౌంటరు ధర కన్నా తక్కువకి ఇస్తాయి. ముందురోజు రాత్రి తూకం వేసేది ఇందుకే: కావాలో వద్దో అప్పుడే తేలిపోతుంది.

ఇక్కడ నాకూ మా పెద్దత్తయ్యకీ ప్రతిసారీ తగువే. ఆవిడ పెట్టెలో కందిపప్పు పెడుతుంది. "అక్కడ అమ్ముతారత్తయ్యా" అంటాను. "మన పప్పు మన పప్పేనే" అంటుంది. సరే, లెక్క వేద్దాం. అదనపు పెట్టెకి పదివేలు అనుకుందాం. 23 కిలోలకి పంచితే కిలోకి 435 రూపాయలు అద్దె. కందిపప్పు ఖరీదు కాక ఇది. అమెరికాలో మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ వాళ్లు చికాగోలోని డెవాన్ అవెన్యూలో మొదటి కొట్టు పెట్టింది 1974లో. అప్పట్లో వెళ్లినవాళ్లు పప్పులూ చింతపండూ మోసుకెళ్లారంటే అర్థముంది. ఇప్పుడు మనవాళ్లు నలుగురున్న ఊళ్లో కందిపప్పూ, సోనామసూరి బియ్యమూ, గోంగూరా దొరుకుతున్నాయి. వాటిని మోయడం పొదుపని నేను ఒప్పుకోను. ఇంట్లో పట్టిన ఆవకాయ, కొట్టిన కారం, నువ్వుల పొడి, కరివేపాకు పొడి, ఇవి వేరు. వాటికి అక్కడ ధర లేదు, వాటి కోసం కిలోల్ని ఖర్చుపెట్టాలి.

పచ్చడి కట్టడానికి ఒక పద్ధతుంది. సీసా వద్దు, దాని బరువు దండగ, పగిలితే పట్టుచీర దండగ. పైకి తేరిన నూనె వంచేయాలి. ఇప్పుడు పచ్చళ్ల కొట్లలో, కొన్ని స్వీటుషాపుల్లో మనం తెచ్చిందైనా గాలి తీసేసి కవర్లో సీలు వేసిస్తారు. గాలి ఎందుకు తీయాలంటే, విమానం ఎగిరాక లోపలి గాలి పీడనం నేల మీద ఉన్నంత ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఎంత ఉంటుందో అంత ఉంటుంది. అంటే పచ్చడి ప్యాకెట్టు దాదాపు ఊటీ కొండెక్కినట్టు. లోపల గాలి మిగిలి ఉంటే ఉబ్బి, అతుకు దగ్గర నూనె కక్కుతుంది. సీలు వేసిన కవరుని ఇంకో జిప్ కవర్లో పెట్టి, పాత తువ్వాలు చుట్టి, పెట్టె నడిమధ్యలో దాచాలి. చేతిసంచిలో మాత్రం పెట్టకూడదు. 2006 ఆగస్టులో లండన్‌లో, శీతల పానీయాల సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు నింపి అట్లాంటిక్ దాటే విమానాల్ని పేల్చాలన్న కుట్ర బయటపడ్డాక, అంతర్జాతీయ విమానాల్లో చేతిసంచిలోని ద్రవాలకి 100 మిల్లీలీటర్ల హద్దు వచ్చింది. పచ్చడీ, నెయ్యీ ఆ లెక్కలోకే వస్తాయి. పులిహోరకి అభ్యంతరం లేదు. పెరుగన్నం ద్రవమా ఘనమా అన్నది ఆ పూట స్కానర్ దగ్గర కూర్చున్నాయన నిర్ణయం.

పెట్టకూడనివి తెలియకపోవడం కూడా ఖర్చే. ఎండుకొబ్బరి తీసుకెళ్లనివ్వరు. అందులో నూనె ఎక్కువ కాబట్టి, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో విమానయాన నిబంధనలు దాన్ని చేర్చాయి. గృహప్రవేశం చేయించడానికి వెళుతున్న తల్లిదండ్రులు కర్పూరం, అగ్గిపెట్టె సర్దుతారు. అవీ కుదరవు. పవర్ బ్యాంక్ కింద వేసే పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి, అదీ 100 వాట్-అవర్ల లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. అమెరికాలో దిగాక పచ్చి కరివేపాకు రెమ్మ దొరికినా తీసేస్తారు. కరివేప నిమ్మజాతి చెట్టు. నిమ్మ, నారింజ తోటల్ని ఎండబెట్టే తెగులు మోసే పురుగు దాని మీదా బతుకుతుంది. బియ్యం, శనగలు మన దేశం నుంచి సామానులో రానివ్వకపోవడానికి కారణం ఖాప్రా అనే ధాన్యం పురుగు. గోంగూర మటన్ పచ్చడి మాంసం కిందికే వస్తుంది. ఏమేం తెచ్చామో కస్టమ్స్‌వాళ్లకి చెప్పేస్తే మహా అయితే ఆ పదార్థం పోతుంది. దాచి దొరికితే జరిమానా వందల డాలర్లలో పడవచ్చు, ఆ డబ్బుతో ఊళ్లో ఏడాది పచ్చళ్లు పట్టించవచ్చు.

ఇంతసేపూ పచ్చళ్ల గురించే మాట్లాడుతున్నాను. మా హాల్లోనూ ఇదే జరుగుతుంది. కానీ నిజంగా డబ్బు మిగిల్చేవి పెట్టెలో ఓ మూల సరిపోయేవి. కళ్లజోడు, మందులు, పళ్లు.

పళ్లు పెట్టెలో పెట్టరు, నిజమే. ప్రయాణానికి నెలా రెండు నెలల ముందు పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోవడం ఆరునెలలు ఉండి రాబోయే పెద్దవాళ్లకి అన్నింటికన్నా పెద్ద పొదుపు. విజిటర్ల బీమాల్లో మామూలు పళ్ల వైద్యం సాధారణంగా ఉండదు. ఇక్కడ పుచ్చుపన్నుకి అయ్యే ఖర్చు అక్కడ ఫీజు ముందు చిల్లర. కళ్లజోడూ అంతే. అక్కడ పాత చీటీ చూపిస్తే కొత్త అద్దాలు చేసివ్వరు, మళ్లీ పరీక్ష, మళ్లీ ఫీజు. రెండో జత ఇక్కడే చేయించుకుని ఒకటి చేతిసంచిలో, ఒకటి పెట్టెలో వేసుకుంటే సరి. "ఒకటుందిగా" అంటారు మా మామయ్య. ఆయన ఒక్కదాని మీదే కూర్చున్న చరిత్ర ఇంట్లో అందరికీ తెలుసు.

మందులకి వస్తే, బీపీ, షుగర్ మాత్రలు చాలావరకు జన్ ఔషధి కేంద్రాల్లో జెనరిక్ రూపంలో దొరుకుతాయి. బ్రాండు మందుల కన్నా 50 నుంచి 80 శాతం తక్కువని ప్రభుత్వం చెబుతుంది. డాక్టరుని అడిగి మార్చుకోవాలి, అదీ ప్రయాణం ముందురోజు కాదు, కొన్ని వారాల ముందు, ఒంటికి పడిందో లేదో చూసుకునే వ్యవధి ఉండేలా. అమెరికాకి సొంత వాడకానికి మామూలుగా మూడు నెలలకి సరిపడా తీసుకెళ్లవచ్చు. స్ట్రిప్పుల్లోనే ఉంచాలి. చోటు చాలక మాత్రలన్నీ కలిపి హార్లిక్స్ సీసాలో పోసే అలవాటుంది మావాళ్లకి, అది మానాలి. డాక్టరు చీటీలో బ్రాండు పేరు కాక మందు అసలు పేరు రాయించుకోవాలి. మన పారాసిటమాల్‌నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. పేరు తెలియక అక్కడి మందుల కొట్లో వెతుక్కుంటూ నిలబడే పెద్దవాళ్లున్నారు. మందుల సంచి ఎప్పుడూ చేతిలోనే ఉండాలి. పెద్ద పెట్టె దారి తప్పితే ఆవకాయ లేకుండా నాలుగు రోజులు గడుస్తాయి, ఇన్సులిన్ లేకుండా గడవవు. బీమా ఇక్కడే, బయల్దేరక ముందే తీసుకోవాలి. యూరప్‌లో షెంగెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికా అడగదు కాబట్టి మనం మర్చిపోతాం.

చిన్నవాటి దగ్గర మనకి మంచి వసతి ఒకటుంది. రూపాయి, రెండు రూపాయల షాంపూ ప్యాకెట్టు. తమిళనాడు కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన షాంపూని చిన్న ప్యాకెట్లలో అమ్మవచ్చని చూపించారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో ఆ దారిని పెద్దది చేశారు. నెల జీతం చేతికి రానివాళ్లు రోజుకింత కొనుక్కునేందుకు పుట్టిన ఆ ప్యాకెట్టు, 100 మిల్లీలీటర్ల నిబంధనకి కొలిచి చేసినట్టు సరిపోయింది. షాంపూ, కొబ్బరినూనె, టూత్‌పేస్టు, మొహం క్రీము, అన్నీ కిరాణా కొట్లో దండలుగా వేలాడుతుంటాయి. యాభై రూపాయలకి వారం ప్రయాణం వెళ్లిపోతుంది. అవే నాలుగు బుల్లిసీసాల్లో పోసి, జిప్ సంచిలో పెట్టి, ట్రావెల్ కిట్ అని పేరు పెడితే విమానాశ్రయంలో వందల్లో ఉంటుంది.

మెడ దిండు నేను ఎవరినీ కొననివ్వను. కాస్త రాసేవాళ్లూ, పాడేవాళ్లూ ఉన్న ప్రతి తెలుగింటి బీరువాలోనూ సన్మానాల శాలువాలు మడతల్లో పడి ఉంటాయి. కప్పుకోవడానికి జరీ గుచ్చుకుంటుంది, పారేయడానికి మనసొప్పదు. పాత కాటన్ దుప్పట్టాలో చుట్టి మెడ చుట్టూ వేసుకుంటే దిండు, విప్పితే విమానంలో చలికి దుప్పటి. మా ఇంటి సాహిత్య సేవలో ఇంత ఉపయోగపడింది ఇంకోటి లేదు. ఖాళీ స్టీలు సీసా ఒకటి, తనిఖీ దాటాక లోపల మంచినీళ్ల కొళాయి దగ్గర నింపుకోవడానికి. అడాప్టరు కోఠి గుజరాతీ గల్లీలో ముందే కొనుక్కోవాలి. అమెరికాకి చదును పుల్లలది, దుబాయికీ లండన్‌కీ మూడు పలకల పుల్లలది. ఫోను ఛార్జర్లు ఎక్కడైనా పనిచేస్తాయి. ఇంట్లో మిక్సీ మాత్రం అమెరికాకి మోయకండి, అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టరు పుల్ల మారుస్తుంది గానీ వోల్టేజీ మార్చదు. పెట్టెకి ప్లాస్టిక్ చుట్టించే బదులు జిప్పు కొనలకి ఎలక్ట్రీషియన్లు వాడే ప్లాస్టిక్ ట్యాగు ఒకటి బిగిస్తే చాలు. కోయడానికి చిన్న కత్తెర పెట్టె బయటి అరలో వేయాలి, లోపల వేస్తే అవతల నవ్వులపాలు.

డబ్బు మార్చుకోవడం గురించి పొడుగ్గా చెప్పను. బషీర్‌బాగ్‌లోనో అబిడ్స్‌లోనో రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర రెండుమూడు చోట్ల రేటు అడిగి మార్చుకుంటే విమానాశ్రయం కౌంటరు కన్నా నయం. నగదు రూపంలో మనిషికి సాధారణంగా 3,000 డాలర్ల వరకే, మిగతాది ఫారెక్స్ కార్డులో. అక్కడ కార్డు గీకినప్పుడు మిషను "రూపాయల్లో తీసుకోమంటారా" అని మర్యాదగా అడుగుతుంది. ఆ మర్యాద ఖరీదైనది. డాలర్లలోనే అనాలి.

ఇప్పుడు జగిత్యాల పెట్టెలు. నిజం చెప్పాలంటే ఈ విద్యలో నాకు గురువులు వాళ్లే. మా మరిది వరస కుర్రాడు దుబాయిలో కట్టడాల పనికి వెళతాడు. వీసాకీ ఏజెంటుకీ అప్పు తెచ్చి మొదలుపెట్టిన బతుకు. అతను విమానాశ్రయంలో రూపాయి ఖర్చుపెట్టగా చూడలేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులో దిగుతాడు. జొన్నరొట్టె, పల్లీల తొక్కు కాగితంలో చుట్టుకుని ఉంటాడు. బరువైన బూట్లు, జీన్స్, జాకెట్టు ఒంటి మీదే వేసుకుంటాడు, పెట్టెలో వేస్తే కిలోలు తింటాయని. బట్టలు మడవకుండా చాపలా చుట్టి, బూట్లలో సాక్సులు కూరి, గిన్నెలో కారం పొట్లం కూరి, ఒక్క వేలంత చోటు వదలడు. "ఆడ దిర్హమ్ తియ్యాల్నంటే పానం గుంజుతది వదినా, ఈడనే సర్దుకుంట" అంటాడు. మామిడికాయ తొక్కు, కారం, చింతపండు, సకినాలు. క్యాంపులో గదికి ఎందరుంటే అందరికీ.

అతని పెట్టెలో నేను వెతికేది ఒక్కటే, గసాలు. అత్తమ్మ చేతి మసాలాపొడిలో గసాలు లేకుండా ఉండవు. గసగసాలు యూఏఈలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. కూరలోకి తెచ్చుకున్నానంటే అక్కడ వినరు. అందుకని దుబాయి మసాలా మా ఇంట్లో వేరేగా దంచుతాం. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు కూడా అంతే, అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోకుండా పట్టుకెళ్లకూడదు. ఇక్కడ మందుల కొట్టువాడు అలవాటుగా ఇచ్చేవాటిలో అవి ఉన్నాయేమో చూసుకోవాలి. డాలస్ వెళ్లే అత్తయ్యకి లెక్క తప్పితే డబ్బు పోతుంది. ఇతనికి తప్పితే ఉద్యోగమూ పోవచ్చు, జైలూ రావచ్చు.

చివరాఖరికి, తూకం అంతా సరిపోయి, తాళాలు వేశాక గంట మోగుతుంది. వీధి చివరావిడ. చేతిలో ఒక సంచి. "మావాడికి రెండు ప్యాకెట్లు, అంతే, బరువుండదు." ఆ ఊరికే ఇంకెవరో అల్లుడికి చెప్పులు. ఇంకెవరో మనవరాలికి పట్టీలు. బరువు ఒక ఎత్తు, ఆ సంచిలో ఏముందో మనకి తెలియకపోవడం ఇంకో ఎత్తు. పెట్టె మీరే సర్దారా, ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని కౌంటరు దగ్గర అడుగుతారు. సర్దింది నేను, ఇచ్చింది ఊరంతా అని ఏ మొహంతో చెప్పాలి? గల్ఫ్‌కి వెళ్లేవాళ్లయితే ఎవరిదో పొట్లం పుచ్చుకుని దిగగానే చిక్కుల్లో పడ్డ కథలు పల్లెల్లో అందరూ విన్నవే. అయినా మొహం మీద వద్దనలేరు.

వద్దనడంలో మా బాబాయిని మించినవాళ్లు లేరు. ఆయన ఎవరితోనూ గొడవపడడు. టికెట్ చేయించుకున్నట్టు చెబుతాడు, అమ్మాయి దగ్గరికి అని చెబుతాడు, ఏ ఊరో కూడా చెబుతాడు. తేదీ మాత్రం చెప్పడు. "ఇంకా అనుకోలేదండీ" అంటాడు. పోయిన వేసవిలో ఆయన న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చి, చాక్లెట్లు పంచుతుంటే గానీ, వాళ్ల వీధివాళ్లకి ఆయన వెళ్లిన సంగతి తెలియలేదు.